ప్లాస్టిక్ అస్థిపంజరం, కటి ఎముకల జత: విజయనగరంలో కొన్న బోధన నమూనాల మంచిచెడ్డలు

విజయనగరం గంటస్తంభం పరిసరాల్లో ల్యాబ్ సామాన్లు అమ్మే ఒక దుకాణం నుంచి మా డిగ్రీ కళాశాల జంతుశాస్త్ర విభాగానికి నిలువెత్తు ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి, ఆడ మగ కటి ఎముకల నమూనాల జత ఒకటి కొన్నాము. ఎముకలను బట్టి మనిషిని గుర్తించే ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ మీద సాయంత్రం పూట నడిపే సర్టిఫికెట్ తరగతికి ఇవి అవసరమయ్యాయి. తరగతిలో సగం మంది బీఎస్సీ విద్యార్థులు కాగా, తక్కినవారిలో ఎక్కువమంది ఎస్సై పరీక్షకు చదువుకుంటున్నవారు, ఒకరిద్దరు లా విద్యార్థులు. అందుచేత ఇది వైద్య విద్యార్థి అవసరాలను బట్టి రాసిన సమీక్ష కాదు. పొలం గట్టునో, పాడుబడ్డ బావిలోనో ఎముకలు బయటపడినప్పుడు అవి ఎవరివన్న ప్రశ్నకు నిపుణులు ఎలా సమాధానం రాబడతారో నేర్పడానికి ఈ వస్తువులు ఎంతవరకు పనికొస్తాయన్నదే నేను చూసిన విషయం. ముందే చెప్పాలంటే, నిలువెత్తు బొమ్మకు అయిదింట రెండున్నర మార్కులు, కటి ఎముకల జతకు నాలుగున్నర మార్కులు వేస్తాను. ధర చూస్తే మాత్రం బొమ్మ వెల జత వెలకు నాలుగు రెట్లకు పైమాటే.

అసలు ఎముకలు కాక ప్లాస్టిక్ ఎందుకన్న ప్రశ్న మా విభాగంలోనే వచ్చింది. వైద్య కళాశాలలో చదివిన నా మిత్రులు సీనియర్ల దగ్గర బోన్ సెట్, అంటే నిజమైన మనిషి ఎముకల సెట్, కొనుక్కుని, చదువు గట్టెక్కాక దాన్ని జూనియర్లకు అమ్మేసేవారు. ఒకప్పుడు ప్రపంచంలోని వైద్య కళాశాలలకు వెళ్లే అస్థిపంజరాల్లో చాలా భాగం కలకత్తా నుంచే ఎగుమతి అయ్యేవి. 1985లో భారత ప్రభుత్వం ఆ ఎగుమతిని నిషేధించింది. ఆ ఎముకలు ఏ ఊరివారివో, బతికుండగా వారు ఒప్పుకున్నారో లేదో అడిగినవారు తక్కువ. గుర్తు తెలియని ఎముకకు పేరు వెతికే శాస్త్రాన్ని, కావాలని పేరు తుడిచేసిన ఎముకలతో నేర్పడానికి నాకు మనసొప్పలేదు. కాబట్టి ప్లాస్టిక్ లోపాలను ఎంత వివరంగా చెప్పినా, దాని బదులు బోన్ సెట్ వెతుక్కోమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను.

అట్టపెట్టె మీద ఎత్తు 170 సెంటీమీటర్లని, ఎముకలు పూర్తిగా ఉన్నాయని అచ్చు వేసి ఉంది. స్త్రీ అస్థిపంజరమా, పురుషునిదా అన్నది ఎక్కడా లేదు. ఆ మాటే అడిగితే దుకాణదారు నవ్వి, "ఏటి మేష్టారూ, బొమ్మకి ఆడేటి మగేటి! ఎముకలన్నీ ఉన్నాయో లేవో చూసుకోండి, సాలు" అన్నారు. ఆయన తప్పేమీ లేదు. తయారుచేసినవారు కూడా ఆ ప్రశ్న వేసుకున్నట్టు కనబడదు, నా ప్రధానమైన ఫిర్యాదు సరిగ్గా అదే. మా తరగతిలో మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా నడిచేది ఆ ప్రశ్నే కదా!

బొమ్మ ఒళ్లు చూస్తే, చక్రాల పీఠం మీద ఇనుప కడ్డీకి నిలబెట్టిన మామూలు తరహా నమూనా ఇది. పుర్రె పైకప్పు కొక్కేలతో ఊడి వస్తుంది, కింది దవడ స్ప్రింగులతో ఆడుతుంది, కాళ్లూ చేతులూ మరలు తిప్పి విడదీయవచ్చు. వెన్నుపూసల మధ్య నుంచి పసుపు రంగు నరాలు బయటికి వచ్చి ఉంటాయి. నడుము భాగంలో మూడో పూసకూ నాలుగో పూసకూ మధ్య ఎర్ర రంగు పూసిన డిస్కు ఒకటి పక్కకు ఉబ్బి కనబడుతుంది. నడుము నొప్పి రోగులకు చూపించడానికి వైద్యులు వాడే ఏర్పాటు అది. మాకు దానితో పని లేదు సరికదా, అది హత్యకు ఆనవాలా అని మొదటి తరగతిలోనే ఒక విద్యార్థి గంభీరంగా అడిగాడు.

పెద్దవారి శరీరంలో ఎముకలు 206 అన్నది అందరికీ తెలిసిన లెక్క. ఈ బొమ్మలో ఆ లెక్క కుదరదు. గొంతులో నాలుక మొదట ఉండే హయాయిడ్ ఎముక ఇందులో లేదు. ఆ ఎముక వేరే ఏ ఎముకకూ అతుక్కోదు కనుక నమూనాలో నిలబెట్టడం కష్టమే, తీగతో వేలాడదీయాలి. అయినా నేరపరిశోధన తరగతికి అది లేకపోవడం చిన్న లోటు కాదు, ఎందుకంటే గొంతు నులిమిన కేసుల్లో నిపుణులు జాగ్రత్తగా వెతికే ఎముకల్లో అది ఒకటి. చేతి మణికట్టులోని ఎనిమిది ఎముకలను ఒకే ముద్దగా పోసి, మధ్యలో గీతలు గీశారు. ఇక మోకాలి కింద సన్నగా ఉండే ఫిబులా ఎముకలు రెండూ కుడి కాలివే వచ్చాయి. నిజమైన కేసులో ఇలా కుడి ఫిబులాలు రెండు దొరికితే అక్కడ కనీసం ఇద్దరు మనుషులు ఉన్నారని అర్థం. కలిసిపోయిన ఎముకల్లో ఎంతమంది ఉన్నారో తేల్చడానికి ఒకే వైపు ఎముక ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టడమే మొదటి పద్ధతి. ఆ పాఠం చెప్పడానికి ఈ పొరపాటు నాకు అక్కరకు వచ్చింది గాని, డబ్బు పెట్టి కొన్న వస్తువులో ఇలాంటి తేడా ఉండకూడదు.

మనుషులను లెక్కపెట్టడం కన్నా ముందు వచ్చే ప్రశ్న, దొరికినది మనిషి ఎముకేనా అన్నది. పోలీసుల దగ్గరికి వచ్చే ఎముకల్లో పశువులవి, మేకలవి చాలానే ఉంటాయి. అన్నిటికన్నా తికమక పెట్టేది ఎలుగుబంటి పాదం. గోళ్లూ చర్మమూ పోయాక అది మనిషి చేతినో పాదాన్నో అచ్చంగా పోలి ఉంటుందని ఈ శాస్త్రం చదివే ప్రతివారికీ మొదట్లోనే చెబుతారు. ఉద్దానం జీడితోటల్లో, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో ఎలుగుబంట్లు తిరిగే మన జిల్లాలవారికి ఇది పుస్తకాల్లో మాట మాత్రమే కాదు. తేడా పట్టుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. మనిషి పాదంలో బొటనవేలి వైపు ఎముక, అంటే లోపలి వైపుది, అన్నిటికన్నా లావుగా ఉంటుంది. ఎలుగుబంటికి బయటి వైపు చివరి వేలి ఎముక బలంగా ఉంటుంది. బొమ్మ పాదం ఈ పాఠంలో సగం మాత్రమే చెప్పగలదు. రెండో సగం కోసం దుకాణంలో జంతువుల ఎముకల నమూనాలు అడిగితే కప్ప, కుందేలు తప్ప ఏమీ లేవు. చివరికి ఆదివారం మాంసం దుకాణం నుంచి మేక తొడ ఎముకలు తెప్పించి, ఉడకబెట్టి, ఎండబెట్టి బొమ్మ పక్కన పెట్టుకున్నాము. రంపంతో అడ్డంగా కోసి చూస్తే మేక ఎముక గోడ దళసరిగా, గట్టిగా, లోపలి గుల్ల నుంచి స్పష్టంగా విడిగా కనబడుతుంది. మనిషి ఎముకలో ఆ గోడకూ లోపలి స్పంజిలాంటి భాగానికీ మధ్య హద్దు అంత తెగినట్టు ఉండదు. ప్లాస్టిక్ ఎముకను కోస్తే రెండూ ఉండవు, లోపలంతా బోలే. బయటి రూపం చూపించడం వరకే ఈ వస్తువు పని అన్నది అక్కడే తేలిపోయింది.

ఇక కటి ఎముకల జత దగ్గరకు వస్తాను, ఎందుకంటే ఈ కొనుగోలులో పెట్టిన డబ్బుకు న్యాయం చేసినది ఇదే. రెండు నమూనాలూ అసలు పరిమాణంలో ఉన్నాయి. ఒకదాని అడుగున నీలం చుక్క, మరొకదాని అడుగున ఎర్ర చుక్క తప్ప వేరే రాత లేదు. ఆ చుక్కల మీద కాగితం అంటించి బల్ల మీద పెట్టి, ఏది స్త్రీదో చెప్పమంటే, ఎముకలు ఎన్నడూ ముట్టుకోని విద్యార్థులు కూడా కాసేపటికి చెప్పగలిగారు. కటి ముందుభాగంలో ఉండే రెండు ఎముకలు, అంటే జఘనాస్థులు, కలిసేచోట కింద ఏర్పడే కోణాన్ని వేళ్లతో కొలిపించాను. చూపుడువేలినీ మధ్యవేలినీ చాపితే ఏర్పడే ఇరుకైన సందుకు సరిపోయినది పురుషునిది, బొటనవేలినీ చూపుడువేలినీ విప్పితే వచ్చే వెడల్పుకు సరిపోయినది స్త్రీది. తుంటి ఎముక వెనకవైపు ఉండే పెద్ద గంటులో బొటనవేలు పెట్టి చూస్తే, పురుష నమూనాలో వేలు ఇరుక్కుని ఆగిపోతుంది, స్త్రీ నమూనాలో అటూ ఇటూ కదులుతుంది. పైనుంచి తొంగిచూస్తే లోపలి దారి పురుష నమూనాలో హృదయాకారంగా, స్త్రీ నమూనాలో గుండ్రంగా ఉంటుంది. ఈ తేడాలన్నిటికీ మూలం ఒక్కటే, బిడ్డ తల బయటికి రావలసిన దారి అది. ఆ కారణం చెప్పగానే గుర్తుల జాబితాను బట్టీ పట్టే పని తప్పింది.

అయితే నేను ఈ జతకు పూర్తి మార్కులు వేయకపోవడానికి కారణం జఘనాస్థిలోనే ఉంది. 1969లో ఫెనీస్ అనే అమెరికన్ పరిశోధకుడు స్త్రీ పురుష భేదానికి ఆ ఎముకలో మూడు గుర్తులు చూపించాడు: స్త్రీ ఎముక ముందువైపు ఏటవాలుగా దిగే సన్నని గట్టు, కింది అంచులో లోపలికి వంగిన ఒంపు, ఆ అంచు లోపలి ముఖం మీద పదునైన సన్నని దిమ్మ. ఈ మూడింటినీ చూసి 95 శాతానికి పైగా సరిగ్గా చెప్పవచ్చని ఆయన పరిశీలనలో తేలింది. ఎముక విరిగి ముందు ముక్క మాత్రమే దొరికినా ఈ పద్ధతి పనిచేస్తుంది, అందుకే ఇన్నేళ్లయినా దీన్ని వాడుతున్నారు. మా స్త్రీ నమూనాలో కింది ఒంపు చక్కగా ఉంది, దిమ్మను కూడా వేలితో తడిమి పట్టుకోవచ్చు, కాని ముందువైపు గట్టు మాత్రం అచ్చులో అరిగిపోయి లేదు. పెన్సిలుతో గీసి చూపించవలసి వచ్చింది. ఇంకొంచెం శ్రద్ధతో అచ్చు తీసి ఉంటే ఈ జత అయిదుకు అయిదు అందుకునేది.

ఇదే చూపుతో నిలువెత్తు బొమ్మ కటిని పరిశీలిస్తే వింతగా ఉంటుంది. కోణం పురుషునిలా ఇరుకు. వెనక గంటు మాత్రం వెడల్పు. పుర్రె చూస్తే చెవి వెనక ఉండే దుబ్బ ఎముక పురుషుల్లోలా పెద్దది, పురుషుల్లో కనబడే కనుబొమల గట్టు మాత్రం లేదు, కంటిగుంత పై అంచు స్త్రీల పుర్రెలోలా పదునుగా ఉంది, తల వెనక మెడ కండరాలు అంటుకునే బుడిపె అసలే లేదు. ఒక మనిషిలో అన్ని గుర్తులూ ఒకే వైపు మొగ్గు చూపాలన్న నియమం లేదు, నిజమైన ఎముకల్లోనూ ఇలాంటి మిశ్రమాలు ఉంటాయి. అందుకే నిపుణులు ఒక్క గుర్తును నమ్ముకోక అన్నిటినీ కలిపి తూస్తారు, కటి దొరికితే పుర్రె కన్నా దాని మాటకే ఎక్కువ విలువ ఇస్తారు, పదీ పన్నెండేళ్ల లోపు పిల్లల ఎముకల మీద స్త్రీయో పురుషుడో చెప్పడానికే జంకుతారు. కాని ఈ బొమ్మలోని మిశ్రమం ప్రకృతి చేసినది కాదు. ఎక్కడెక్కడివో అచ్చులు కలిపి పోసినట్టుంది. దీని మీద పరీక్ష పెడితే ఏ విద్యార్థి ఏ జవాబు రాసినా తప్పనలేని పరిస్థితి.

వయసు విషయంలో బొమ్మ పూర్తిగా చేతులెత్తేసింది. పిల్లల్లో, యువకుల్లో వయసు చెప్పడానికి పళ్లు, ఎముకల చివరి ముక్కలు సాయపడతాయి. పొడవు ఎముకల కొసలు ఎదుగుదల ఆగేదాకా మధ్యలో మృదులాస్థితో విడిగా ఉండి, ఒక్కొక్కటి ఒక్కో వయసులో మొదలుతో అతుక్కుంటాయి. అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కునేది మెడ కింద ఉండే జత్రుక (కాలర్ బోన్) లోపలి కొస. అది ఇరవైల్లో మొదలై ముప్ఫై దగ్గరపడేదాకా సాగుతుంది. ఆ ఒక్క కొస సగం అతికి కనబడితే మనిషి యువకుడని ధైర్యంగా చెప్పవచ్చు. మా బొమ్మ జత్రుక కొసలో మర బిగించడానికి రంధ్రం ఉంది. ముప్ఫై దాటినవారి వయసుకు మళ్లీ జఘనాస్థి దగ్గరికే రావాలి. రెండు జఘనాస్థులు ఎదురెదురుగా కలిసే ముఖం యవ్వనంలో దున్నిన చాళ్లలా గట్లూ గాడులతో ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ ఆ గట్లు చదునై, చుట్టూ అంచు ఏర్పడి, తరవాత ఆ అంచు కూడా విరిగి గుంటలు పడుతుంది. 1920లో టాడ్ అనే పరిశోధకుడు ఈ మార్పులను పది దశలుగా విడదీశాడు, 1990లో సూచీ, బ్రూక్స్ వాటిని ఆరు దశలకు కుదించి ఒక్కో దశకు విశాలమైన వయో పరిధి ఇచ్చారు. ఆ పరిధి విశాలంగా ఉండడమే దానిలోని నిజాయితీ. ఎముక చూసి "ముప్ఫై ఏడేళ్లు" అని చెప్పే నిపుణుడిని నమ్మకూడదు, "ముప్ఫైకీ యాభైకీ మధ్య" అనేవాడి మాట వినాలి. ఇక్కడ కటి జత కూడా ఓడిపోయింది. రెండు ఎముకల మధ్య మృదులాస్థిని చూపించే తెల్లని దిమ్మను శాశ్వతంగా అంటించేశారు, ఆ ముఖం చూసే వీలే లేదు. దాన్ని ఊడదీసేలా తయారుచేస్తే సగం పాఠం అక్కడే జరిగిపోతుంది. పుర్రె అతుకులు మాత్రం బొమ్మలో ఎంతో లోతుగా, అందంగా చెక్కి ఉన్నాయి; వయసు చెప్పడానికి అంత నమ్మదగని గుర్తు మీద ఇంత పనితనం ఎందుకు ఖర్చు చేశారో తెలియదు.

ఎత్తు లెక్కలు మాత్రం బొమ్మతో హుషారుగా సాగాయి. తొడ ఎముకను ఊడదీసి కొలిస్తే 45 సెంటీమీటర్లు వచ్చింది. దీని కోసం ప్రత్యేకమైన కొలత పలక అమ్ముతారు గాని దాని ధర విని, కళాశాల వడ్రంగి చేత ఒక చెక్క మీద అంచు దిమ్మ, జరిగే దిమ్మ పెట్టించి, మధ్యలో స్కేలు అంటించుకున్నాము; పనికి ఏ లోటూ రాలేదు. 1952లో ట్రాటర్, గ్లెసర్ అనే పరిశోధకులు తెల్లజాతి అమెరికన్ పురుషుల కోసం ఇచ్చిన సూత్రం ప్రకారం తొడ ఎముక పొడవును 2.38తో గుణించి 61.41 కలపాలి. అంటే 168.51 సెంటీమీటర్లు, అటూ ఇటూ 3.27 సెంటీమీటర్ల తేడా ఉండవచ్చని వారే రాశారు. పెట్టె మీది 170 ఆ హద్దులోనే ఉంది. విద్యార్థులు చప్పట్లు కొట్టారు. కాని ఆ సూత్రం అమెరికన్ల ఎముకల మీద కట్టినది. ఒక్కో జనసమూహంలో కాళ్ల పొడవుకూ మొండెం పొడవుకూ ఉండే నిష్పత్తి వేరు కనుక, మనవారి ఎముకల మీద దాన్ని వాడితే లెక్క తప్పవచ్చు. ఈ సంగతి గ్రహించే 1924లోనే పాన్ అనే శాస్త్రవేత్త భారతీయుల ఎముకల పొడవులకూ శరీరం ఎత్తుకూ ఉన్న నిష్పత్తులను కొలిచి ప్రచురించాడు. ఆ తరవాత వేర్వేరు ప్రాంతాలవారు తమ తమ లెక్కలు కట్టారు.

కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి తీయాలన్నది ఎంత ముఖ్యమో చెప్పడానికి ట్రాటర్ కథే ఉంది. మోకాలి కింది పెద్ద ఎముక టిబియాను కొలిచేటప్పుడు చీలమండ లోపలి వైపు బుడిపెను కూడా కలిపి కొలిచానని ఆమె రాసింది. 1990ల మధ్యలో జాంట్జ్, ఆయన సహచరులు అవే ఎముకలను మళ్లీ కొలిచి చూస్తే, నిజానికి ఆ బుడిపెను వదిలేసి కొలిచినట్టు బయటపడింది. రాసిన పద్ధతిని నమ్మి, బుడిపెతో సహా కొలిచి సూత్రంలో వేసిన ప్రతివారికీ ఎత్తు రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ వచ్చింది. నాలుగు దశాబ్దాల పాటు ఎవరూ అనుమానించలేదు! బొమ్మ టిబియాలో ఆ బుడిపె స్పష్టంగా ఉంది కనుక రెండు విధాలా కొలిపించి తేడా చూపించగలిగాను. ఈ ఒక్క పాఠానికి బొమ్మకు అర మార్కు కలిపాను.

జాతి మూలాలను పుర్రె చూసి చెప్పే పద్ధతుల గురించి తరగతిలో ఎక్కువసేపు మాట్లాడలేదు. ఆ రంగంలోని వారే ఇప్పుడు వాటి విలువను గట్టిగా ప్రశ్నిస్తున్నారు, ఒకే అచ్చులో పోసిన పుర్రెతో దాన్ని చర్చించడం మరీ హాస్యాస్పదం.

చనిపోయి ఎంతకాలమైంది, గాయం ఎప్పటిది అన్న ప్రశ్నలకు ప్లాస్టిక్ దగ్గర జవాబు ఉండదని కొనేటప్పుడే తెలుసు, కనుక దాన్ని లోపంగా లెక్కించడం లేదు. పచ్చి ఎముక విరిగితే అంచులు పదునుగా, ఏటవాలుగా ఉండి చుట్టూ ఉన్న ఎముక రంగులోనే ఉంటాయి. ఎండిన ఎముక పారదెబ్బకు విరిగితే అంచులు గరుకుగా, లోపలి రంగు లేతగా బయటపడుతుంది. బతికుండగా విరిగి అతుక్కున్నదైతే కొత్త ఎముక పేరుకుని ఉబ్బుగా తెలుస్తుంది. కాలం లెక్క మాత్రం మహామహులను కూడా బోల్తా కొట్టించింది. 1977లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో తవ్వేసిన ఒక పాత సమాధిలో దొరికిన శవాన్ని పరీక్షించిన ఫోరెన్సిక్ ఆంత్రోపాలజీ నిపుణుడు విలియం బాస్, కండ ఇంకా మిగిలి ఉండడం చూసి, మరణించి ఏడాదికి మించలేదన్నాడు. అది 1864లో అంతర్యుద్ధంలో చనిపోయిన కల్నల్ షై శరీరమని, మందులు ఎక్కించి ఇనుప పెట్టెలో పెట్టడం వల్ల చెడలేదని తరవాత తేలింది. పురుషుడని, ఇరవైల్లో ఉన్నవాడని చెప్పినది సరిపోయింది. కాలం మాత్రం నూరేళ్లకు పైగా తప్పింది. ఆ దెబ్బతోనే బాస్ 1980ల మొదట్లో దానం చేసిన శరీరాలను ఆరుబయట ఉంచి అవి ఎలా మారతాయో గమనించే పరిశోధన స్థలాన్ని నడపడం మొదలుపెట్టాడు. వానాకాలపు ఉక్క, తీరం ఇసుక, చెరువుగట్టు బంకమట్టి ఉన్న మన ప్రాంతంలో ఆ టెనెసీ లెక్కలు ఉన్నవి ఉన్నట్టు పనికిరావు.

ఇవన్నీ కలిపితే తేలేది "ఇరవై అయిదుకూ ముప్ఫై అయిదుకూ మధ్య వయసు, సుమారు అయిదడుగుల నాలుగంగుళాల పురుషుడు" అన్న వర్ణన మాత్రమే. తప్పిపోయినవారి జాబితాను చిన్నది చేయడం దాని పని. పేరు పెట్టాలంటే ఆ మనిషికి మాత్రమే చెందిన గుర్తు కావాలి. దంత వైద్యుడి దగ్గర మిగిలిన ఎక్స్‌రే, కాలికి వేసిన స్టీలు ప్లేటు మీది నంబరు, నుదుటి ఎముకలోని గాలి గది ఆకారం వంటివి అందుకు పనికొస్తాయి, ఎందుకంటే ఆ గది రూపురేఖలు మనిషి మనిషికీ వేరు. 1935లో స్కాట్లండ్‌లోని మాఫట్ దగ్గర వాగులో ఇద్దరు స్త్రీల శరీర భాగాలు ముక్కలుగా దొరికాయి. గ్లైస్టర్, బ్రాష్ అనే ఆచార్యులు ఎవరి ముక్కలు వారివిగా వేరుచేసి, ఇద్దరి శరీరాలనూ తిరిగి పేర్చి, ఒక పుర్రె ఫొటోను ఇసబెల్లా రక్స్‌టన్ ఫొటో మీద పరిచి సరిపోల్చారు. ఆమెతో భర్తగా కాపురం చేసిన, బొంబాయిలో పుట్టిన పార్సీ వైద్యుడు బక్ రక్స్‌టన్‌ను హత్యానేరం మీద 1936లో ఉరితీశారు. పుర్రె ఫొటో సరిపోలడం ఇప్పుడు ఒంటరిగా నిలిచే సాక్ష్యం కాదు. ఈ పుర్రె ఫలానావారిది కాదని తోసిపుచ్చడానికే అది ఎక్కువ బలం.

మన దేశంలో దీనికి దగ్గరి ఉదాహరణగా నేను చెప్పినది అమృత్‌సర్ జిల్లా అజ్నాలా. అక్కడి పాత బావిలో 2014లో బయటపడిన ఎముకలు 1857లో చంపేసిన సిపాయిలవా, దేశ విభజన నాటివా అన్న వాదం ఏళ్ల తరబడి సాగింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో సహా పలు సంస్థలవారు పళ్ల నుంచి డీఎన్ఏ తీసి, చిన్నప్పటి నీటిని, తిండిని చెప్పే ఐసోటోపులను పరీక్షించి, వారు గంగా మైదాన ప్రాంతం వారని 2022లో ప్రకటించారు. పేర్లు తెలియకపోయినా ఊళ్ల దిక్కు తెలిసింది.

మన ఊళ్లలో ఎముకలు దొరికినప్పుడు వీఆర్వో ద్వారానో, గొర్రెల కాపరి ద్వారానో స్టేషన్‌కు కబురు వెళ్లాక, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 194వ సెక్షన్ కింద శవ పంచనామా జరుగుతుంది. పాతిపెట్టిన శవాన్ని తవ్వితీయాలంటే 196వ సెక్షన్ ప్రకారం మేజిస్ట్రేటు తవ్వించాలి. తవ్వేటప్పుడు చిన్న ఎముకలు, ఊడిన పళ్లు మట్టితో పాటు పోకుండా జల్లెడ పట్టాలన్న మాట ఎస్సై కాబోయేవారికి మరీ మరీ చెప్పాను, బొమ్మ కాలివేళ్ల ఎముకలను ఇసుకలో కలిపి వాళ్ల చేతే జల్లెడ పట్టించాను. మళ్లీ లెక్క చూసుకుంటే ఒకటి తక్కువ వచ్చింది. అది ఇసుకలోనే దొరికింది. ఈ ప్రయోగానికి మాత్రం బొమ్మ చక్కగా నిలబడింది, ప్లాస్టిక్ మీద గీతలు పడలేదు, కడిగితే శుభ్రపడింది.

బొమ్మలో లేనిదాన్ని చూపించిన ఒక సందర్భం చెప్పాలి. గొంతుక్కూర్చుని పని చేసుకునే అలవాటున్నవారి టిబియా కింది అంచు మీద, దాని కింద ఉండే చీలమండ ఎముక మీద నున్నని చిన్న ముఖాలు అదనంగా ఏర్పడతాయి. నారుమళ్లలో, పొయ్యి ముందు, జీడిపిక్కలు ఒలిచేచోట గంటల తరబడి అలా కూర్చునే మన జిల్లాలవారిలో ఇవి ఉండడం సహజం. కుర్చీకి అలవాటుపడిన దేశాల ఎముకల్లో అరుదు. మా బొమ్మ చీలమండ నున్నగా, ఏ గుర్తూ లేకుండా ఉంది. అచ్చు ఏ దేశపు ఎముక నుంచి తీశారో ఊహించమని అడిగితే, వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి తడుముకోకుండా "మా ఊరిది మాత్రం కాదు సార్" అంది.

కొనదలచుకున్నవారికి నా సలహా ఇది. పాఠశాలలో ఎముకల పేర్లు చెప్పడానికైతే నిలువెత్తు బొమ్మ బాగానే ఉంటుంది, పిల్లలకు ఉత్సాహం కూడా. ఎముకలను బట్టి మనిషిని గుర్తించడం నేర్పాలంటే ఆ డబ్బుతో కటి జతలు రెండు, కీళ్లు బిగించని విడి ఎముకల సెట్ ఒకటి తీసుకోండి. గుర్తించడమంటే రెండు ఎముకల మధ్య తేడా పట్టుకోవడమే, ఒక్కటే బొమ్మతో ఆ పని జరగదు. విడి సెట్ కావాలంటే విశాఖ నుంచి తెప్పించాలని దుకాణదారు చెప్పారు, ముందుగా కొంత బయానా అడుగుతారు. పెట్టె విప్పేటప్పుడు కుడి ఎడమలు అక్కడే సరిచూసుకోండి, పీఠం చక్రాల్లో ఒకటి వదులుగా ఉంటే అక్కడే బిగించమనండి. సేవ విషయంలో ఆ దుకాణం మీద నాకు ఫిర్యాదు లేదు. ఎడమ ఫిబులాను డబ్బు అడగకుండా తెప్పించి ఇచ్చారు, బిల్లు కళాశాల పేరున సరిగ్గా రాశారు. హయాయిడ్ ఎముక విడిగా దొరుకుతుందో లేదో కనుక్కుంటామన్నారు. అది ఇంకా రాలేదు.